పాత హెరాల్డ్, కొత్త 911: తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద ఏది ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు బాగుచేయించుకోవాలా, డబ్బు కూడబెట్టి స్పోర్ట్స్ కారు కొనాలా అని అడిగేవాళ్లు మన వైపు ఈమధ్య బాగా పెరిగారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు వివరంగా జవాబులు రాస్తున్నాను. పోలికకు పాతవాటిలో స్టాండర్డ్ హెరాల్డ్‌ను, కొత్తవాటిలో పోర్షే 911 కరేరాను తీసుకున్నాను.

ఈ రెండు కార్లకూ అసలు పోలిక ఏముంది?

హెరాల్డ్ మన పక్కింటి కారు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి దీన్ని మద్రాసు శివార్లలోని వండలూరులో తయారుచేసింది. తిరుపతి నుంచి అక్కడికి ఒక పూట ప్రయాణం. రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. ఇంగ్లండులో హెరాల్డ్ అసలు తయారీదారు ట్రయంఫ్ కంపెనీ ఇదే ఛాసిస్‌ను (కింది చట్రాన్ని) కుదించి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. కాబట్టి హెరాల్డ్ చూడడానికి ఇంటి కారైనా స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం.

911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. అప్పటి నుంచి ఇప్పటివరకు దాని ఇంజన్ వెనక చక్రాలకు కూడా వెనకే ఉంది. హెరాల్డ్ స్వభావం, 911 స్వభావం రెండూ వెనక చక్రాల దగ్గరే తేలతాయి. పోలికకు వీటినే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. ఘాట్ రోడ్డు ప్రశ్నలో దీన్ని వివరంగా చెబుతాను.

మా ఇంట్లో 1985 పద్మిని ఉంది. అది వింటేజ్ కారేనా?

కాదండీ. బ్రిటన్‌లో పాత కార్ల క్లబ్బులు 1919 నుంచి 1930 మధ్య తయారైనవాటినే వింటేజ్ అంటాయి. మన దేశంలో 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండి వింటేజ్ కిందికి వస్తుంది. మీ పద్మినికి ఇంకా టైముంది. అంతవరకు అది మామూలు పాత కారే. 15 ఏళ్లు దాటిన ఏ కారుకైనా చేయించినట్టే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుని తిప్పుకోవచ్చు. 1960లలో వచ్చిన హెరాల్డ్‌లన్నీ 50 దాటేశాయి.

అంకెల్లో తేడా ఎంత?

హెరాల్డ్‌కు 948 సీసీ, నాలుగు సిలిండర్లు, దాదాపు 35 హార్స్‌పవర్. బరువు సుమారు 800 కిలోలు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి అర నిమిషం పడుతుంది. టైరు వెడల్పు 13 సెంటీమీటర్లు. 2019లో వచ్చిన 911 కరేరాకు 2981 సీసీ, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 385 హార్స్‌పవర్. బరువు సుమారు 1500 కిలోలు. వందను 4.2 సెకన్లలో అందుకుంటుంది. వెనక టైరు వెడల్పు 29.5 సెంటీమీటర్లు.

ఒక్క అంకెలో మాత్రం పాతదే గెలుస్తుంది. హెరాల్డ్ సుమారు 7.6 మీటర్ల చోటులో గుండ్రంగా తిరిగిపోతుంది. 911కు 11 మీటర్లు దాటి కావాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో బండి తిప్పినవాళ్లకు ఈ అంకె విలువ తెలుస్తుంది.

తోలేటప్పుడు తేడా ఎక్కడ తెలుస్తుంది?

సీట్లో కూర్చున్న మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. హెరాల్డ్‌ను పొద్దున్నే తీయాలంటే చోక్ లాగాలి, సెల్ఫ్ కొట్టాలి, ఇంజన్ వేడెక్కేకొద్దీ చోక్‌ను కొంచెం కొంచెం లోపలికి నెట్టాలి. గేర్ల వేగాలను దానంతటదే కలిపే సింక్రోమెష్ ఫస్ట్ గేరుకు లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ వేయాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి, ఇంజన్ వేగాన్నీ గేరు వేగాన్నీ కలపాలి. కలవకపోతే గేరు కరకరమంటుంది. కలిసినప్పుడు గేరు రాడ్ వేలితో నెడితే పడిపోతుంది. ఆ పట్టు దొరికిన రోజు మనకు కలిగే ఆనందం వేరు. స్టీరింగ్‌కు పవర్ లేకపోయినా బండి తేలిక కాబట్టి కదిలాక బరువు తెలియదు. రోడ్డు మీద గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది.

911లో ఎనిమిది గేర్లు వాటంతట అవే మారతాయి. మారినట్టు కూడా తెలియదు. కాలు పెడితే వీపు సీటుకు అతుక్కుంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పితే కారు అంతే తిరుగుతుంది, ఎక్కువా తక్కువా ఉండదు. అంత కచ్చితంగా చేసిన యంత్రాన్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. కాకపోతే దాని సత్తా బయటపడే వేగాలు మన రోడ్ల మీద చట్టం ఒప్పుకోనివి. నాలుగు వరుసల రహదారి మీద 100 పరిమితి అనుకుంటే, 911 కొద్ది సెకన్లలోనే అక్కడికి చేరిపోతుంది. హెరాల్డ్‌లో 60 కిలోమీటర్ల వేగానికే చేతులు, కాళ్లు, చెవులు అన్నిటికీ పని ఉంటుంది. చంద్రగిరి దాటి పాకాల వైపు పాత రోడ్డు మీద ఆదివారం పొద్దున ఒక గంట తోలాలంటే నేను హెరాల్డ్ తాళమే తీసుకుంటాను. ఆ రాత్రే బెంగళూరు చేరాలంటే 911 తాళం.

ఘాట్ రోడ్లలో ఏది నమ్మకం?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. బాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ మన దారిలోనే ఉన్నాయి కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు మలుపుల సంగతి. హెరాల్డ్ వెనక చక్రాలకు స్వింగ్ యాక్సిల్ (మధ్యలో కీలు ఉండి చక్రంతోపాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు), అడ్డంగా ఒకే కమాన్ కట్ట. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బండి వెనక భాగం పైకి లేస్తుంది. బయటి వైపు చక్రం కిందికి ముడుచుకుంటుంది. వెనక టైర్లకు పట్టు పోయి బండి గిర్రున తిరగవచ్చు. మొదటి తరాల 911కూ ఇదే పేరుంది. బరువంతా వెనక ఉండడం వల్ల మలుపు మధ్యలో కాలు తీస్తే వెనక భాగం బయటికి ఈడ్చుకుపోయేది. ఇప్పటి 911లో వెడల్పు టైర్లు, మెరుగైన సస్పెన్షన్, స్టెబిలిటీ కంట్రోల్ కలిసి దీన్ని దాదాపు లేకుండా చేశాయి. బండి జారుతుంటే కంప్యూటర్ కనిపెట్టి, దాన్ని దారిలో పెట్టడానికి ఏ చక్రానికి అవసరమో దానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. హెరాల్డ్‌లో ఆ పని మనమే చేయాలి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, తిరిగేటప్పుడు కాలు అటూ ఇటూ ఆడించకుండా నిలకడగా పెట్టాలి.

తర్వాత బ్రేకులు. హెరాల్డ్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. దిగుడులో బ్రేకు తొక్కుతూ పోతే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, లోపల ఉన్న షూల నుంచి దూరం జరుగుతుంది. పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంది. షూ లైనింగుకూ వేడికి పట్టు తగ్గుతుంది. పాత బ్రేకు ఆయిల్‌లో తేమ చేరి ఉంటే అది మరిగి బుడగలు కడుతుంది, పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. పైగా బ్రేకు లైన్ అంతా ఒకే సర్క్యూట్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. 911లో డిస్కులకు గాలి తగిలి చల్లబడతాయి, సర్క్యూట్లు రెండు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. ఈ విషయంలో పోటీయే లేదు.

పాత కారుతో దిగేవాళ్లు ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరులో ఉండండి. పలమనేరు వైపు నుంచి చిత్తూరుకు దిగుతుంటే మొగిలి ఘాట్ మొదలవకముందే సెకండ్‌లో పెట్టేయండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి, తొక్కి వదలండి. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపి, ఇంజన్ ఆపేసి, చల్లారేదాకా కూర్చోండి. వేడి డ్రమ్ము మీద నీళ్లు మాత్రం కొట్టకండి, పగిలే ప్రమాదం ఉంది.

పాత కారుతో తిరుమల కొండ ఎక్కవచ్చా?

మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఇప్పుడు దాన్ని దిగడానికి వాడుతున్నారు. రెండో ఘాట్ రోడ్డు 1970లలో వచ్చింది, ఎక్కడం దాని మీదుగానే. బాగున్న హెరాల్డ్ ఇంజన్‌కు ఆ ఎత్తు సమస్య కాదు. అసలు సమస్య అనుమతి. పాత వాహనాల మీద దేవస్థానం ఆంక్షలు పెడుతూ ఉంటుంది కాబట్టి అలిపిరి దాకా వెళ్లి వెనక్కి రావడం కంటే ముందే అడిగి బయల్దేరండి. వింటేజ్ నంబరు తీసుకున్న బండయితే మామూలు ప్రయాణాలకు వాడకూడదు, దర్శన ప్రయాణం కూడా అందులోకే వస్తుంది. కొండకు మీ రోజువారీ కారులోనో బస్సులోనో వెళ్లండి.

మన ఎండలకు ఏది తట్టుకుంటుంది?

మే నెలలో తిరుపతి, రేణిగుంట ఎండ తెలిసిందే. హెరాల్డ్‌కు పెట్రోలు పంపు ఇంజన్‌ను ఆనుకునే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతుంటే ఆ వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని తోయలేదు, కార్బరేటర్‌కు పెట్రోలు అందదు, బండి రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. పాత డ్రైవర్లు డిక్కీలో ఎప్పుడూ ఒక గుడ్డముక్క, నీళ్ల సీసా పెట్టుకునేవాళ్లు. బానెట్ లేపి, తడిగుడ్డను పంపు చుట్టూ చుట్టి, దాని మీద కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. ఈ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. బండి ఆగగానే రేడియేటర్ మూత మాత్రం తీయకండి, ముఖం కాలుతుంది.

911కు ఈ టెన్షన్ లేదు. ఇంజెక్షన్ పంపు ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది కాబట్టి పెట్రోలు ఆవిరి కాదు. ఏసీ ఎలాగూ ఉంది. నెలల తరబడి కవర్ కప్పి వదిలేస్తే మాత్రం బ్యాటరీ దిగిపోతుంది. తాళం వేసి ఉన్నా అందులో కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటాయి.

20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత కార్లు పాడవుతాయా?

జాగ్రత్త పడకపోతే పాడవుతాయి. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ పంపు డయాఫ్రమ్‌నూ మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. రబ్బరు భాగాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించి, కార్బరేటర్ జెట్ సరిచూపించండి. బండి నెల రోజులకు పైగా నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి. ఇంకో సంగతి: 2000 వరకు మన పెట్రోలులో సీసం ఉండేది. పాత ఇంజన్ల వాల్వు సీట్లకు అదే రక్షణ. ఇప్పుడు ఇంజన్ దించే పని పడితే గట్టి లోహం వాల్వు సీట్లు వేయించేయండి. 911కు కావలసింది ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు. ప్రీమియం పెట్రోలు అమ్మే బంకు చూసుకోండి.

పిల్లలను ఎక్కించుకుని పాత కారులో హైవే మీద వెళ్లవచ్చా?

వద్దు. నాకు పాత కార్లంటే ప్రాణం, అయినా ఇదే చెబుతాను. హెరాల్డ్‌లో బెల్టులు లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు, తల వెనక ఆసరా లేదు. గుద్దుకుంటే ముందు భాగం నలిగి దెబ్బను మింగే ఏర్పాటూ లేదు. లారీలు, బస్సులు వంద మీద పోయే నాయుడుపేట రోడ్డులో దాన్ని పెట్టి కుటుంబాన్ని కూర్చోబెట్టడం మంచిది కాదు. ఊళ్లో, చిన్న రోడ్ల మీద, పగటిపూట, తక్కువ వేగంతో అయితే బెల్టులు వేయించి, బిగించుకుని తిరగండి. ఛాసిస్‌కు గట్టిగా బిగించే బెల్టులు వేయించడం పెద్ద పని కాదు.

మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? స్పేర్లు?

హెరాల్డ్ విషయంలో ఒక అదృష్టం ఉంది. 1953లో బాడీలు చేసే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీ కార్ల కంపెనీ బీఎంసీ కొనేసింది. దాంతో ట్రయంఫ్‌కు ఒకే ముక్క బాడీలు చేసిపెట్టేవాళ్లు లేకుండా పోయారు. అందుకే విడి ఛాసిస్ మీద ముక్కలు ముక్కలుగా బాడీని బోల్టులతో బిగించే పద్ధతిలో హెరాల్డ్‌ను తయారుచేశారు. ఆనాటి ఇబ్బంది ఈనాడు మనకు వరమైంది. తుప్పు పట్టిన ముక్కను విప్పి, టింకరింగ్ చేయించి, మళ్లీ బిగించుకోవచ్చు. బానెట్, రెండు మడ్‌గార్డులు కలిపి ఒకటిగా ముందుకు లేస్తాయి. ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ప్లగ్గులకు సమయానికి కరెంటు అందేలా తెరుచుకుని మూసుకునే ప్లాటినం పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టడం, సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. అంబాసిడర్లు, పద్మినీలు చేసిన పెద్ద వయసు మెకానిక్‌లు తిరుపతిలో, చిత్తూరులో ఇంకా ఉన్నారు. వాళ్లకు కార్బరేటర్ కొత్త కాదు. పాత స్పేర్లకు చెన్నై పుదుపేట తిరగాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. హెరాల్డ్ ముందు చక్రాల కింది భాగంలో ట్రనియన్ అనే ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. చక్రం దాని మరల మీదే తిరుగుతుంది. అందులోకి ఈపీ90 గేరాయిల్ ఎక్కించాలి, గ్రీజు కాదు. మన మెకానిక్‌లు అలవాటుగా గ్రీజు గన్ పెట్టేస్తారు. గ్రీజు మరల లోపలికి వెళ్లదు, తేమ వెళ్తుంది, తుప్పు పడుతుంది. చివరికి ఆ భాగం విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. పక్కన నిలబడి మరీ ఆయిల్ ఎక్కించండి.

911కు సర్వీసంటే చెన్నైయో బెంగళూరో. కంప్యూటర్ తగిలించకుండా దాని జబ్బు తెలియదు. అక్కడ పని శుభ్రంగా జరుగుతుంది, బిల్లూ ఆ స్థాయిలోనే ఉంటుంది.

స్పోర్ట్స్ కారు మన స్పీడ్ బ్రేకర్లకు తగలదా?

తగులుతుంది. ముందు భాగాన్ని సుమారు 4 సెంటీమీటర్లు లేపే ఏర్పాటును ఆప్షన్‌గా ఇస్తారు. మన వైపు తిప్పేవాళ్లు దానికి తప్పకుండా డబ్బు పెట్టండి. స్టెప్నీ ఉండదు, పంక్చర్ మందు, గాలి పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్కగోడ చీలితే వాటితో లాభం లేదు, బండిని మోసుకెళ్లే లారీని పిలవాల్సిందే.

ఖర్చు?

911 షోరూం ధరే 2 కోట్ల దరిదాపుల్లో ఉంది. అందులో పెద్ద వాటా దిగుమతి సుంకానిది. హెరాల్డ్ ధర బండి స్థితిని బట్టి ఉంటుంది. కొన్న ధర కంటే బాగుచేయించడానికి అయ్యేదే ఎక్కువ కావచ్చు, ముఖ్యంగా టింకరింగ్, పెయింటింగ్‌లో. చవగ్గా వచ్చిందని తుప్పు పట్టినది కొనడం కంటే ఎక్కువ పెట్టి ఛాసిస్ గట్టిగా ఉన్నది కొనడం మేలు.

వింటేజ్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఎలా?

ఫారం 20తో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్, పాత ఆర్సీ జతచేయాలి. ఫీజు 20,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్‌కు 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఈ నంబరుతో ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు, అలాంటి పనులకు మాత్రమే రోడ్డెక్కాలి. వారానికోసారి సరదాగా తోలుకోవాలనుకుంటే పాత రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకుంటూ పోవడం మంచిదని నా సలహా. ఇన్సూరెన్స్‌లో వింటేజ్ బండ్లకు విలువను ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే వీలుంది. కంపెనీని అది అడగండి. లేదంటే పాత కారు కాబట్టి విలువ ఏమీ లేదని లెక్క కడతారు.

పాత కారులో కొత్త ఇంజన్, ఏసీ, పవర్ స్టీరింగ్ పెట్టించవచ్చా?

పెట్టిస్తే అది హెరాల్డ్ తొడుగు వేసుకున్న ఇంకో కారవుతుంది. ఇంజన్ మారితే వింటేజ్ అర్హత పోతుంది, ఆర్సీలో నమోదు తంటా వేరే. ఆ 35 హార్స్‌పవర్‌ను బట్టి చేసిన బ్రేకులు, యాక్సిల్ కొత్త ఇంజన్ బలానికి ఆగవు. సుఖం కావాలంటే కొత్త కారు కొనుక్కోండి. పాతదాన్ని పాతదిగానే ఉంచండి.

మా జేజినాయన హెరాల్డ్ పదేళ్లుగా షెడ్డులో ఉంది. ఎలా స్టార్ట్ చేయాలి?

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి, అదే పెద్ద పొరపాటు. ముందు ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే బలం పెట్టకుండా మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. ఇంజన్ ఆయిల్ మార్చండి. ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా తీసేసి కడిగించండి, రబ్బరు పైపులన్నీ కొత్తవి వేయించండి.

బ్యాటరీ మన కరకంబాడిలో తయారయ్యేదే దొరుకుతుంది, కానీ తగిలించే ముందు వైర్లు చూడండి. ఆ కాలపు చాలా బ్రిటిష్ కార్లకు ప్లస్ వైరు బాడీకి ఉంటుంది, ఇప్పటి కార్లకు మైనస్. తిరగేసి పెడితే డైనమో వైపు పని పెరుగుతుంది. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. బండిని షెడ్డు బయటికి తోసి పెట్టుకుని చేయండి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది.

ఇంజన్ ఆడిందని సంబరంలో రోడ్డెక్కించకండి. బ్రేకుల వీల్ సిలిండర్లన్నీ, మాస్టర్ సిలిండర్, రబ్బరు హోసులు కొత్తవి పడాలి. అన్నీ అయ్యాక బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి నిమిషం సేపు అలాగే పట్టుకోండి. పెడల్ ఏమాత్రం కిందికి జారినా ఎక్కడో లీకు ఉన్నట్టే, మళ్లీ మెకానిక్‌ను పిలవండి.